మా బిడ్డ కట్టిన హైదరాబాద్ స్పిట్‌ఫైర్



పోయిన రంజాన్ ఈద్ తర్వాత జెద్దా నుంచి మా తమ్ముడు వచ్చాడు. సూట్‌కేసు తెరిచి ఎవరి తోహ్‌ఫా వాళ్లకు పంచాడు. అమ్మీకి జానిమాజ్, తస్బీ. మా బేగంకి అత్తరు. పిల్లలందరికీ ఖర్జూరాలు, చాక్లెట్లు. చివర్లో బట్టల మధ్య భద్రంగా దాచుకొచ్చిన పెద్ద అట్టపెట్టె ఒకటి తీసి మా బిడ్డ చేతిలో పెట్టాడు. పెట్టె మీద యుద్ధవిమానం బొమ్మ.

అమ్మీ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "క్యా హై రే యె? ఖిలౌనా?" అని అడిగింది. తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్లకు ఇప్పుడు ఖిలౌనా ఏంటని ఆమె సవాల్. తర్వాత ఖీమత్ అడిగింది. తమ్ముడు రియాళ్లలో చెప్పాడు. అమ్మీ మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని, పది వేలు దాటిందని తెలిసి, "అస్తగ్‌ఫిరుల్లా" అంది.

ఆ పెట్టె ఏడు నెలలు మా ఇంట్లో ఒక బల్లని ఆక్రమించింది. ఆ ఏడు నెలల్లో వచ్చిన ప్రతి మెహమాన్ మూడు ప్రశ్నల్లో ఏదో ఒకటి అడిగాడు. ఇది ఇస్రాఫ్ కాదా? ఆడపిల్లకు విమానాల షౌఖ్ ఏంటి? దీనివల్ల ఫాయిదా ఏంటి? అప్పుడు చాయ్ ఇచ్చి నవ్వి ఊరుకున్నాను. ఈ రోజు జవాబ్ రాస్తున్నాను. ఎందుకంటే ఆ ప్రశ్నలు మా ఇంటివి మాత్రమే కావు. మీ ఇంట్లోనూ ఏదో ఒక పిల్ల, ఏదో ఒక పిల్లాడు చేత్తో ఏదో చేస్తానంటూ ఉంటారు. మీరూ ఇవే మాటలు అంటూ ఉంటారు.

ముందు ఈ వస్తువేంటో చెప్పాలి. జపాన్‌లోని షిజువోకా నగరంలో టామియా అనే కంపెనీ ఉంది. ప్లాస్టిక్ మోడల్ కిట్లకు దునియా మొత్తం మీద పేరున్న కంపెనీ. వాళ్లు చేసిన స్పిట్‌ఫైర్ మార్క్ 8 కిట్ ఇది. కొలత 1/32. అంటే అసలు విమానంలో 32 అంగుళాలున్న చోట మోడల్‌లో ఒక అంగుళం. అసలు స్పిట్‌ఫైర్ రెక్క చివర నుంచి రెక్క చివర దాకా సుమారు 11.2 మీటర్లు. మోడల్ 35 సెంటీమీటర్లు. మా దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ తబక్ పట్టేంత జాగా కావాలి దానికి.

పెట్టె తెరిస్తే విమానం ఉండదు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలుంటాయి. ఆ చట్రాలకు పండ్ల గుత్తుల్లా వందల ముక్కలు అతుక్కుని ఉంటాయి. ఒక్కొక్క దాన్నీ కట్టర్‌తో తెంపాలి, తెగిన చోట మొటిమలా మిగిలిన ప్లాస్టిక్‌ని బ్లేడుతో చెక్కాలి, సాండ్‌పేపర్‌తో రుద్దాలి. అప్పుడు అతికించాలి. ఈ జిగురు మనం పుస్తకాలకు వాడే జిగురు కాదు. రెండు ముక్కల అంచుల్నీ కొంచెం కరిగించి ఒకటి చేస్తుంది. ఆరిన తర్వాత అది జోడు కాదు, ఒకటే ముక్క. అందుకే తొందరపడి వంకరగా అతికిస్తే వంకరగానే ఒకటైపోతుంది.

రేపు మీ పిల్లలకు కొనిద్దామనుకుంటే ఒక మాట. మొదటిసారే ఇంత పెద్దది కొనకండి. మా బిడ్డ అంతకు ముందు రెండేళ్లలో అరచేతిలో పట్టే 1/72 కొలత కిట్లు మూడు కట్టింది. మొదటి దానికి చక్రాలు తిరగేసి అతికించింది. రెండో దాని మీద రంగు మలాయి కట్టినట్టు కట్టింది. మూడోది పర్వాలేదు. నాలుగో దానికే వాళ్ల చాచా ధైర్యం చేశాడు.

స్పిట్‌ఫైరే ఎందుకంటే, దానికి మన ఊరితో ఒక రిష్తా ఉంది. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 152వ స్క్వాడ్రన్‌కి అధికారికంగా ఉన్న పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో దానికి ఆ పేరు వచ్చింది. స్క్వాడ్రన్ ముద్ర మీద ఉన్నది నిజాం దస్తార్. కింద రాసిన మాటకు అర్థం వఫాదార్ దోస్త్. ఇంగ్లీషు సర్కారు నిజాంకి ఇచ్చిన యార్-ఎ-వఫాదార్ అనే ఖితాబే అది. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఇలాగే 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు ఇచ్చారు. వాటిలో ఒకటి నేటికీ లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది.

152వ స్క్వాడ్రన్ 1940లో స్పిట్‌ఫైర్లతో బ్రిటన్ ఆకాశంలో జర్మన్లతో కొట్లాడింది. తర్వాత ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీ. 1943 చివర్లో హిందుస్తాన్ వైపు వచ్చింది. 1944, 45లో మార్క్ 8 స్పిట్‌ఫైర్లతో బర్మాలో జపాన్ సైన్యం మీద పోరాడింది. అక్కడ ఆ విమానాల పక్క భాగాన, గుండ్రటి ముద్ర మీదుగా దూకుతున్న నల్ల చిరుతను వేసుకున్నారు. జపానోళ్ల మీద పోరాడిన విమానాన్ని ఈ రోజు జపానోళ్లే ఇంత ఇమాందారీగా అచ్చుపోసి అమ్ముతున్నారు. మా బిడ్డ ఇది విని, "అబ్బూ, వాళ్లకు కోపం లేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబ్ లేదు. హునర్ ఉన్నోడు దుష్మన్ చేసిన మంచి వస్తువుని కూడా గుర్తుపడతాడని మాత్రం చెప్పాను.

ఇక కట్టడం సంగతి. పని ఇంజిన్‌తో, పైలట్ కూర్చునే గదితో మొదలవుతుంది. ఈ కిట్‌లో మెర్లిన్ ఇంజిన్ పూర్తిగా ఉంది. దాన్ని కప్పే రేకుల లోపల చిన్న అయస్కాంతాలు పెడతాం కాబట్టి రేకులు తీసి ఇంజిన్ చూడొచ్చు, మళ్లీ మూయొచ్చు. మెర్లిన్‌లో 12 సిలిండర్లు. ఒక్కో దానికి రెండు చొప్పున 24 స్పార్క్ ప్లగ్గులు. ప్రతి ప్లగ్గుకీ తీగ వెళ్లాలి. పాడైపోయిన ఫోన్ చార్జర్ వైరు కోసి, లోపలి రాగి పోగులు తీసి, వాటితో ఆ తీగలు వేసింది మా బిడ్డ. ఒక్క ఆదివారంలో ఆరు తీగలు వేసింది. "మూసేస్తే కనిపించవు కదా బేటా" అన్నాను. "నాకు తెలుసు కదా అబ్బూ, లోపల ఉన్నాయని" అంది. పత్రికలో ఇన్నేళ్లుగా వార్తలు దిద్దుతున్నాను. పాఠకుడికి కనిపించదులే అని నేను వదిలేసిన తప్పులన్నీ ఆ మాటతో గుర్తొచ్చాయి.

సీటు ఎర్రగోధుమ రంగులో ఉండాలి. స్పిట్‌ఫైర్ సీటు చాలావాటిలో లోహం కాదు, రెసిన్ పట్టించి అచ్చుగట్టిన పదార్థం. దాని సహజమైన రంగు అదే. మిగతా గది బూడిద కలిసిన ఆకుపచ్చ. గడియారాల్లాంటి కొలతల అద్దాలు పెసరగింజ కంటే చిన్నవి. వాటి అంచులకు రంగు వేయడం నావల్ల కాలేదు. చేయి వణికింది. మా బిడ్డకు వణకలేదు. రెండేళ్లుగా ఈద్‌కి, షాదీలకు మొహల్లా ఆడపిల్లల చేతులకు మెహందీ పెడుతున్న చేయి అది. గీత ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఊపిరి బిగపట్టాలో ఆ వేళ్లకు తెలుసు. ఒక్కో అద్దం మీద ఒక్కో చుక్క మెరుగు వార్నిష్ పెట్టింది. ఆరాక నిజంగా గాజు లాగే మెరిసింది.

ఆడపిల్లకు ఇదేంటని అడిగిన ఖాలాలకు నా జవాబ్ ఇక్కడే ఉంది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజుల మీద రాళ్లు అతికించే వేళ్లు ఎవరివి? కార్‌చోబ్ చట్రం మీద జరీ కుట్టే వేళ్లు ఎవరివి? మన ఆడోళ్ల చేతుల్లో ఆ నజాకత్ తరాలుగా ఉంది. పెళ్లి బట్ట కుడితే అది సలీఖా, విమానం కడితే అది షౌఖ్ పిచ్చి అనడం ఇన్సాఫ్ కాదు. చేయి అదే, చూపు అదే, సబర్ అదే.

సబర్ అనే మాట వచ్చింది కాబట్టి నా గలతీ ఒకటి ఒప్పుకోవాలి. ఐదో నెలలో ఒక రాత్రి డెస్క్ డ్యూటీ నుంచి ఒంటిగంటకు ఇంటికొచ్చాను. బల్ల మీద పైలట్ గదిని కప్పే పారదర్శక మూత విడిగా ఉంది. పొద్దున లేచేసరికి బిడ్డకు ఆశ్చర్యంగా ఉంటుందని నేనే అతికిద్దామనుకున్నాను. చేతికి దొరికిన సూపర్ గ్లూ రాశాను. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. ఆ సంగతి నాకు తెలియదు. ఫజర్‌కి లేచి చూస్తే మూత మొత్తం మోతియాబింద్ పట్టిన కన్నులా ఉంది.

ఆమె ఏడవలేదు, అరవలేదు. చాలాసేపు చూసి, "ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా అబ్బూ" అంది. ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు. బిడ్డ పని అని చెబుతూ, నా సంతోషం కోసం దాంట్లో వేలు పెట్టాను. మన ఇళ్లలో చదువుల్లో, రిష్తాల్లో, నౌకరీల్లో పెద్దోళ్లం చేసేది ఇదే. రాత్రికి రాత్రి మనమే అతికించేస్తాం, పొద్దున్నే ఖుషీగా ఉండాలంటాం. ఆ సాయంత్రం ఆమెను మాఫీ అడిగాను. పెద్దోళ్లు పిల్లల్ని మాఫీ అడగడం మన ఇళ్లలో రివాజు కాదు. ఆ రివాజు లేకపోవడం వల్ల మనం చాలా పోగొట్టుకుంటున్నామని నాకు ఆ రోజే అర్థమైంది.

తర్వాత ఇద్దరం కలిసి ఆ మూతని బాగుచేశాం. జాగ్రత్తగా ఊడదీసి, చాలా నున్నటి సాండ్‌పేపర్‌తో తడిపి రుద్ది, తర్వాత టూత్‌పేస్ట్‌తో మెరుగుపెట్టి, చివర్లో పారదర్శక ద్రవంలో ముంచి ఆరబెట్టాం. వారం పట్టింది. లోపలి మూల ఒకటి అందలేదు. అక్కడ చిన్న మసక ఇంకా ఉంది. "ఉండనీ, ఇది నీ నిషానీ" అంది మా బిడ్డ.

రంగులకు కిటికీ దగ్గర జాగా చూసుకున్నాం. ఇది పిల్లల తల్లిదండ్రులు ఖచ్చితంగా గుర్తుంచుకోవాలి. జిగురు వాసన, రంగు తుంపరలు ఊపిరితిత్తులకు మంచివి కావు. కిటికీ తెరిచి, మాస్క్ పెట్టుకునే చేయాలి. బ్లేడు మీ కళ్ల ముందే వాడనివ్వాలి. పైన రెండు రంగుల మచ్చలు, కింద బూడిదరంగు, రెక్కల మీద, తోక మీద తెల్ల పట్టీలు వచ్చాయి. గుండ్రటి ముద్రలో మాత్రం ఒక తమాషా ఉంది. బ్రిటిష్ విమానాల ముద్ర మధ్యలో ఎర్ర చుక్క ఉంటుంది. బర్మా వైపు ఎగిరిన వాటిలో ఆ ఎరుపు తీసేశారు. ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. జపాన్ విమానాల ముద్ర ఎర్ర సూరజ్ కాబట్టి, ఎరుపు చూసి సొంత మనుషులే పొరపాటున కాల్చకుండా ఉండాలని. ఒక చుక్క ఎరుపు ఉండటం, లేకపోవడం ఒక మనిషి జాన్‌కి సంబంధించిన విషయం. చిన్న వివరం చిన్నది కాదని పిల్లలకు ఎన్ని బయాన్లు చెప్పినా ఇంత బాగా ఎక్కదు.

చివరి పని మురికి చేయడం. యుద్ధంలో ఉన్న విమానం షోరూంలో కారులా ఉండదు. పొగ గొట్టాల వెనక మసి, రెక్కల మొదట్లో బూట్లకు రంగు చెరిగిన గుర్తులు, చక్రాలకు దుమ్ము ఉండాలి. మసి కోసం రకరకాల పొడులు అమ్ముతారు. మా అమ్మీ ఎప్పటి నుంచో పక్కన కూర్చుని చూస్తోంది. లేచి వెళ్లి తన సుర్మాదానీ తెచ్చింది. "యె లేలో" అంది. ఆ సుర్మా పొడిని మెత్తటి కుంచెతో అద్దితే, పొగ గొట్టాల వెనక నిజం మసి లాగే పాకింది. అస్తగ్‌ఫిరుల్లా అన్న మనిషి సుర్మాదానీ ఇచ్చిన రోజు మా ఇంట్లో ఒక ఫైసలా అయిపోయినట్టే అనిపించింది.

చక్రాలకు మా ఊరి ఎర్రమట్టి జల్లెడ పట్టి వాడాం. నాకు బీదర్ బిద్రీ పనివాళ్లు గుర్తొచ్చారు. జింక్, రాగి కలిపిన లోహంలో వెండి పొదిగి, దాన్ని నల్లబరచడానికి వాళ్లు బీదర్ ఖిలా మట్టినే వాడతారు. మట్టిని కూడా పనిముట్టుగా వాడుకున్న దక్కన్ మనది. ఈ రోజు అదే దక్కన్‌లో చేత్తో పనిచేసేవాడంటే చదువు రానోడు అనే అర్థం స్థిరపడిపోయింది. మన గలీలో మెకానిక్ కుర్రాడి హునర్‌ని మనం మజ్బూరీ అంటాం. మన ఇంట్లో పిల్ల హునర్‌ని టైంపాస్ అంటాం. రెండు చోట్లా ఇజ్జత్ ఇవ్వం.

ఇప్పుడు ఇస్రాఫ్ సంగతి. ఇది తేలిగ్గా తీసేసే సవాల్ కాదు. పది వేల రూపాయలు చాలా ఇళ్లలో నెల రేషన్. నాకు తెలుసు, మా ఇంట్లోనూ అలాంటి రోజులు ఉన్నాయి. అందుకే ఈ కిట్టే కొనమని నేను ఎవరికీ చెప్పను. చెప్పేది ఒక్కటే, లెక్క అందరికీ ఒకేలా వేయండి. ఒక వలీమాలో రాత్రి పదకొండు గంటలకు ఎంగిలి విస్తళ్లలో మిగిలిపోయే బిర్యానీ లెక్క వేయండి. ఒక్కసారి వేసుకుని బీరువాలో పెట్టే జోడాల లెక్క వేయండి. స్టేజీ వెనక పూల గోడ లెక్క వేయండి. అప్పుడు గుర్తురాని ఇస్రాఫ్, ఒక పిల్ల ఏడు నెలలు కూర్చుని నేర్చుకున్న దగ్గరే ఎందుకు గుర్తొస్తోంది? ఆ ఏడు నెలల్లో ఆమె సాయంత్రాలు ఫోన్ చేతిలో లేకుండా గడిచాయి. ఆ ఖీమత్ ఎవరు లెక్క కడతారు?

ఖిలౌనా అనే మాటకు కూడా ఒక జవాబ్ ఉంది. సుననె అబూ దావూద్‌లో ఒక రివాయత్ ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల మధ్య గుడ్డ రెక్కలున్న గుర్రం ఒకటి కనిపించింది. గుర్రానికి రెక్కలా అని ప్రవక్త (స) అడిగారు. సులేమాన్ (అలై) దగ్గర రెక్కల గుర్రాలున్నాయని మీరు వినలేదా అని ఆమె ఎదురడిగారు. ఆయన పండ్లు కనిపించేలా నవ్వారు. ఒక యుద్ధయాత్ర నుంచి తిరిగొచ్చిన మనిషి, ఇంట్లో రెక్కలున్న బొమ్మను చూసి నవ్వారు. మన ఇళ్లలో ఆ నవ్వు ఎక్కడికి పోయింది?

తస్వీర్ మసలా కూడా వచ్చింది. దాచను. కిట్‌లో పైలట్ బొమ్మలున్నాయి. విమానం మీద చిరుత వేయాలి. జీవమున్న వాటి బొమ్మల గురించి ఉలమాలో వేర్వేరు రాయ్‌లు ఉన్నాయి. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇవ్వను. మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. పైలట్ బొమ్మల్ని చట్రం నుంచి తెంపలేదు. వాటికి బదులు సీటు మీద పల్చటి లోహపు బెల్టులు వంచి పెట్టింది మా బిడ్డ. చిరుత లేకుండా అది హైదరాబాద్ విమానం కాదని ఆమె వాదన. అమ్మీ ఆలోచించి, "నమాజ్ గదిలో పెట్టొద్దు" అంది. అంతే. పెట్టెలో ఆ చిరుత స్టిక్కర్ లేదు కాబట్టి కాగితం కోసి అచ్చు చేసుకుని, మెహందీ పెట్టే చేత్తోనే చిరుతను వేసింది. విమానం ఇప్పుడు ముందు గదిలో పుస్తకాల బీరువాలో ఉంది. అరవటం లేకుండా మాట్లాడుకుంటే ఇంట్లో చాలా మసలాలు ఇలాగే తీరతాయి.

చివరిగా నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. విమానం పూర్తయ్యాక వచ్చిన చుట్టాలు హైదరాబాద్ స్క్వాడ్రన్ కథ విని ఛాతీ విరుచుకున్నారు. మా నిజాం ఇంగ్లీషోళ్లకే విమానాలిచ్చాడు, చూశారా అన్నారు. నేనూ మొదట్లో అలాగే చెప్పాను. ఒక రోజు మా బిడ్డ అడిగింది: "నిజాంకి ఆ డబ్బు ఎక్కడిది?"

నిజం చెప్పాల్సి వచ్చింది. ఆ డబ్బు రైతులది. వరంగల్, నల్గొండ, కరీంనగర్‌లలో వెట్టిచాకిరీ చేసిన వాళ్లది. హిందూ, ముసల్మాన్ ఇద్దరిదీ. ఆ కాలంలోనే షేక్ బందగీ అనే పేద రైతు విసునూరు దేశ్‌ముఖ్ జోరు ముందు తల వంచకుండా భూమి కోసం కోర్టులో కొట్లాడి, ఆ కక్షకే ప్రాణం పోగొట్టుకున్నాడు. 'మా భూమి' నాటకానికి ఆయన జీవితమే ఆధారం. 152వ స్క్వాడ్రన్‌ని రద్దు చేసిన 1946లోనే తెలంగాణలో రైతులు తిరగబడ్డారు. విమానాలు ఇచ్చిన దర్బారూ మన చరిత్రే, బందగీ నెత్తురూ మన చరిత్రే. ఒకటి చెప్పుకుని ఒకటి దాస్తే అది తారీఖ్ కాదు, పిదరం సుల్తాన్ బూద్. మా నాయన సుల్తాన్ అని చెప్పుకుంటూ అరుగు మీద కూర్చునేవాడి మాట.

మరి ఫఖర్ పడదగ్గది ఏమీ లేదా? ఉంది. అది ఇచ్చిన డబ్బులో లేదు, ఎగిరిన మనుషుల్లో ఉంది. ఇద్రీస్ హసన్ లతీఫ్ 1923లో హైదరాబాద్‌లో పుట్టాడు. నిజాం కాలేజీలో చదివాడు. 1942లో వాయుసేనలో చేరాడు. బ్రిటన్‌లో హరికేన్లు, స్పిట్‌ఫైర్ల మీద శిక్షణ పొంది, బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. 1947లో పాకిస్తాన్ రమ్మని తోటి అఫ్సర్లు పిలిచినా మజహబ్ వేరు, వతన్ వేరని ఇక్కడే ఉండిపోయాడు. 1978 నుంచి 1981 వరకు భారత వాయుసేన అధిపతి. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ముసల్మాన్. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. మన వతన్‌పరస్తీకి సబూత్ అడిగేవాళ్లకు చూపించడానికి నేను ఈ పేరు చెప్పడం లేదు. సబూత్ ఇచ్చుకునే అలవాటు మన పిల్లలకు నేర్పొద్దు. ఒక హైదరాబాదీ పిల్లాడు 18 ఏళ్లకు ఆకాశంలోకి వెళ్లాడు, పని నేర్చుకున్నాడు, పైదాకా వెళ్లాడు. అంతే. పని నేర్చుకున్నాడన్నదే నా బిడ్డకు పనికొచ్చే భాగం.

ఫాయిదా ఏంటని అడిగినవాళ్లకు ఇక సూటిగా చెబుతాను. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఇంకో రెండు సాయంత్రాలు పంపమన్నారు. మేము పంపలేదు. మార్కులు తగ్గితే ఏం చేయాలో మా బేగం, నేను రాత్రుళ్లు మాట్లాడుకున్న మాట నిజమే. మార్కులు తగ్గలేదు, అలాగని పెరగనూ లేదు. ఈ విమానం వల్ల ఆమె ఇంజినీర్ అవుతుందని నేను వాదించను. అలా వాదిస్తే నేనూ ప్రతి షౌఖ్‌నీ నౌకరీ తరాజూలో తూచేవాడినే అవుతాను. ఆమె నేర్చుకున్నది, ఒక పనిని మొదలుపెట్టి, మధ్యలో చెడినా, ఇంకొకరు చెడగొట్టినా, వదలకుండా పూర్తి చేయడం. ఎవరూ చూడని చోట కూడా తీగ వేయడం. మన దీన్‌లో దానికి ఇత్‌ఖాన్ అనే పేరుంది. జుమ్మా బయానుల్లో విన్నాం. మా ఇంట్లో అది నాకు ఆ రాగి పోగుల్లో కనిపించింది.

కాబట్టి తల్లిదండ్రులకు నా గుజారిష్ ఒక్కటే. విమానమే కానక్కర్లేదు. కాలిగ్రఫీ కావచ్చు, కుట్టుపని కావచ్చు, పాత రేడియో విప్పి బిగించడం కావచ్చు. ఇంట్లో ఒక బల్ల ఇవ్వండి. రెండు గదుల ఇల్లయితే కిటికీ పక్కన ఒక చెక్క పలక చాలు. రాత్రి దాన్ని మంచం కిందికి నెట్టొచ్చు. వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వండి. మధ్యలో చేయి పెట్టకండి. రాత్రి ఒంటిగంటకు అసలే పెట్టకండి.

మొన్న అమ్మీ బీరువా దగ్గర నిలబడి విమానం లోపలికి చూస్తోంది. సీటు ఖాళీగా ఉంది, బెల్టులు పక్కకు పడి ఉన్నాయి. "ఇందులో ఎవరూ కూర్చోలేదేంటి?" అని అడిగింది. మా బిడ్డ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "నేను కూర్చుంటా దాదీ" అంది.

అమ్మీ ఈసారి అస్తగ్‌ఫిరుల్లా అనలేదు. ఇన్షా అల్లాహ్ అంది.